మేబెల్ వంత నిలిచిన సాయంత్రం

జార్జియా ఎర్రమట్టి మీద మేబెల్‌ని మించిన వేటకుక్క పుట్టలేదు, ఇక పుట్టబోదు. లోవెల్ ఈ మాట చెప్పని మంగలికొట్టు లేదు, చెప్పని చర్చి మెట్టు లేదు. తీరా చూస్తే మేబెల్ తన జన్మలో పసిగట్టి పట్టించినవి ఒక తాబేలు, పాస్టరుగారి భార్య ఆరేసుకున్న ఈకల టోపీ. అడవి కౌజుపిట్ట మటుకు ఒక్కటంటే ఒక్కటి లేదు.

దాని తప్పు కాదులెండి. పిట్టలుంటే కదా! లోవెల్ చిన్నప్పుడు ఏ చేలో కాలుపెట్టినా గుంపు గుంపంతా కాళ్ళకిందే పేలినట్టు లేచేది. ఆ తరవాత గట్లు దున్నేశారు, ముళ్ళపొదలు నరికేశారు, మిగిలిన నేలంతా కాగితం మిల్లుల కోసం పైన్ చెట్లు నాటారు. ఆ చెట్లకింద చీమకి కూడా నూక దొరకదు.

ఆ ఏటి వేటకి అదే ఆఖరి రోజు. ఇంకో తంటా కూడా ఉంది. లోవెల్ బావమరిది హోయ్ట్ ఒక పెద్ద తోటలో పని చేస్తాడు. పంజరాల్లో పెంచిన కౌజుల్ని పొదల్లో వదిలి, పట్నం షోకిలాల చేత కాల్పించడం అక్కడి వ్యాపారం. చీకటిపడేలోగా మేబెల్ ఒక్క అడవి గుంపునైనా పట్టకపోతే కుక్కని ఆ తోటకి ఇచ్చేస్తానని లోవెల్ నలుగురిలో పందెం కాశాడు. నోటి దురద!

పొద్దుట్నుంచీ తిరిగారు. పిట్ట లేదు, రెట్ట లేదు. మేబెల్ చెవులనిండా పల్లేరుకాయలు, లోవెల్ కడుపునిండా మంట. చివరికి పర్సెల్ వాళ్ళ పాడుబడ్డ చేను దగ్గర హోయ్ట్ బండి ఆపాడు.

"నేను ఇక్కడే కూర్చుంటా బావా. మళ్ళీ తాబేలు దొరికితే కేకెయ్, పులుసు పెట్టుకుందాం."

"నోర్ముయ్ రా బామ్మర్దీ! మీ పంజరం పిట్టల్ని బూటుతో తంతేగాని లేవవట కదా?"

"తంతే లేస్తాయి. నీకు తన్నడానికైనా ఏవీ?"

లోవెల్ తలుపు దబాలున వేసి, జంటగొట్టాల తుపాకీ భుజాన వేసుకుని, మేబెల్‌ని ముందు వదిలి నడిచాడు.

చీపురుగడ్డి నడుము ఎత్తున పెరిగింది. వాన వాసన, నానిన బూడిద వాసన. ఎప్పుడో కాలిపోయిన పర్సెల్ ఇంటికి పొగగొట్టం ఒక్కటే మిగిలింది. ఆకాశంలో వెలుగు పలచబడుతోంది. తిట్టుకుంటూ అడుగులేస్తున్న లోవెల్ ఉన్నట్టుండి ఆగాడు.

మేబెల్ నిలిచింది!

తోక నిటారుగా, ముందుకాలు గాల్లో, ఒళ్ళంతా శిలలా. లోవెల్ తుపాకీ భుజం మీంచి దించాడు. దొరికిందిరా గుంపు!

రెండడుగులు వేశాక తేడా తెలిసింది. దాని ముక్కు కదలడం లేదు. వాసన పట్టిన కుక్క ముక్కు ఊరుకోదు. మేబెల్ కళ్ళతో చూస్తోంది. అది వంత నిలవడం. ముందున్న కుక్క పిట్టని పసిగట్టి బిగుసుకుంటే, వెనకున్న కుక్క వాసన అందకపోయినా దాన్ని చూసి మర్యాదగా ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. వేటకుక్కలకి అది పుట్టుకతో వచ్చే బుద్ధి.

మేబెల్ చూస్తున్న చోట గడ్డి తప్ప ఏమీ లేదు.

"ఎవరిదయ్యా ఆ కుక్క?" అని అరిచాడు. పలికినవాళ్ళు లేరు.

వెనక్కి తిరగాల్సింది. కానీ తిరిగితే మేబెల్ పోతుంది. ఎవరి కుక్క పట్టినా గుంపు గుంపే కదా! లోవెల్ మేబెల్‌ని దాటి ముందుకి నడిచాడు. తడికుక్క వాసన ముక్కుకి తగిలింది. నిలిచిన కుక్కని దాటేటప్పుడు వీపు నిమరడం అతనికి అలవాటు. చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

వేళ్ళకి బొచ్చు తగిలింది. చల్లగా. తడిగా. కింద కండ రాయిలా...

అప్పుడు లేచింది గుంపు. చెవులు చిల్లులుపడేలా రెక్కల మోత. గాలి మొహాన కొట్టింది. పిట్ట ఒక్కటి కనపడలేదు. ఆ మోతమీదికే రెండు గొట్టాలూ పేల్చి, కాలికి తీగ తగిలి బోర్లాపడ్డాడు. మొహం నేలకి కొట్టుకుంది. నోట్లో నెత్తురు రుచి.

లేచి చూస్తే మేబెల్ ఇంకా వంత నిలిచే ఉంది. చూపు మటుకు పక్కకి తిరిగింది. ఇప్పుడది చూస్తున్న చోటు లోవెల్‌కి రెండు బారల దూరం.

అంటే... ఆ కుక్క కదిలింది. కదిలి మళ్ళీ నిలిచింది. దేన్ని పట్టింది? ఇక్కడ ఇంకేముంది... తను తప్ప?

వెనక గడ్డిలో చప్పుడు. అడుగులు. పిట్టని లేపడానికి వేటగాడు గడ్డిని తన్నుకుంటూ వస్తాడే... అలాగే. తీరిగ్గా.

తుపాకీ ఖాళీ. లేచి పరిగెత్తబోయి ఆగాడు. లేచిన పిట్టే చస్తుంది. ఈ సంగతి అతనికి తెలిసినంత ఎవరికి తెలుసు? మోకాళ్ళు కావలించుకుని గడ్డిలో ముడుచుకున్నాడు. అడుగులు దగ్గరకొచ్చాయి... ఆగాయి. నడుంమీద ఏదో మెల్లగా తట్టింది. బూటు కొసలా.

కదల్లేదు.

మళ్ళీ తట్టింది. ఈసారి గట్టిగా...

"బావా! ఎక్కడా?"

హోయ్ట్ టార్చి వెలుగు పడింది. మేబెల్ ఒళ్ళు విదిలించుకుని, తోక ముడిచి హోయ్ట్ కాళ్ళలో దూరింది. గడ్డిలో ఎవరూ లేరు.

లోవెల్ వచ్చి బండెక్కాడు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. హోయ్ట్ మటుకు మండిపడ్డాడు.

"ఇంత మోసమా బావా? తుపాకీ పేల్చి, చెదిరిన పిట్టలు పొద్దుగూకాక ఒకదాన్నొకటి పిలుచుకునే ఈల వేస్తావా? నిజం గుంపే అనుకున్నా! ఆ ఈల పట్టుకునే నీ దాకా వచ్చా. టార్చి పడేదాకా నీ పక్కనించి వస్తూనే ఉంది. దొంగ ఈలతో పందెం గెలుద్దామనా? రేపు పొద్దున్నే కుక్కని పట్టుకెళ్తున్నా, అంతే."

లోవెల్‌కి ఈల ఏదీ వినపడలేదు. అడుగులే వినపడ్డాయి.

వెనక మేబెల్ మూలిగింది. లోవెల్ నోటిమీద చెయ్యి తీశాడు.

"ఒరే, ఇది మీ అక్కకి తప్ప ఎవరికీ తెలీదు," అన్నాడు. మాటలోంచి గాలి తన్నుకొస్తోంది. "నా ముందు పళ్ళు నాలుగూ పెట్టుడు పళ్ళు. పడ్డప్పుడు ఆ గడ్డిలో ఊడిపోయాయి. అవి లేకపోతే చచ్చినా నాకు ఈల రాదు."