ఆఖరి బుట్ట

"నీకు పొద్దున్నే మెలకువ రాదా, నూకన్నా? రోజూ నీదే ఆఖరి నంబరు!"

ఐసు ఫ్యాక్టరీ కిటికీ లోపల్నుంచి పుష్పవతి అడిగింది. బయట వాన తుంపరలో తడుస్తున్న నూకన్న కొంచెం కూడా సిగ్గుపడలేదు.

"ఏటి సేస్తాను మేడం? మా బోటుకి బద్దకం ఎక్కువ."

"అందరూ దీదీ అంటారు. నీకేం వచ్చింది, మేడం మేడం అని?"

"అందరికీ దీదీవే. నాకెందుకు అక్కవవుతావు?"

చీటీ అందుకుని వెళ్లిపోయాడు. పుష్పవతికి కోపం రావాలి. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎవరైనా చూశారేమోనని గబగబా చీటీల పుస్తకంలోకి తల దించుకుంది.

ఇది పంతొమ్మిది వందల ఎనభై అయిదు నాటి మాట. పోర్ట్ బ్లెయిర్‌లో వేట బోట్లకి ఐసు ఇచ్చే ఫ్యాక్టరీలో చీటీలు రాసే ఉద్యోగం ఆమెది. బోట్లవాళ్లంతా శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లు. వాళ్లకో పద్ధతుంది. లైన్లో మనిషి నిలబడడు. తన బుట్ట పెట్టేసి చాయ్‌కి పోతాడు. బుట్ట ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే. పరాయివాడి బుట్ట ముట్టుకోవడమంటే వాడి ఇంట్లో జొరబడినంత తప్పు. ఆ బుట్టల వరస చూసి పుష్పవతి ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంది. నూకన్న పేరు ఎప్పుడూ చివర్లోనే వచ్చేది. వెనక తోసేవాళ్లెవరూ ఉండరు కాబట్టి, అరనిమిషం పట్టే చీటీకి పది నిమిషాల కబుర్లు నడిచేవి.

కథ వెళ్లాల్సిన దారినే వెళుతోంది. జూన్ నెల్లో ఒక పొద్దున్న ఆ దారి తెగిపోయింది.

ఆ రోజు మిషను మొరాయించింది. సగం ఐసే తయారైంది. పన్నెండో మనిషితో అదీ అయిపోయింది. "బస్, ఇంక లేదు" అని ఆమె చెప్పిందో లేదో, పక్క తలుపు తోసుకుని మల్లేశు లోపలికొచ్చాడు. మూడు రోజుల వేట అతని బోటులో మెత్తబడిపోతోంది.

"నాది ఎనిమిదో బుట్ట! నా నంబరు తినీసి ఎవుడికిచ్చావ్?"

"భయ్యా, ఒక్క నిమిషం..."

ఐసు దిమ్మలు పట్టే ఇనప పట్టకారు అతని చేతిలో ఉండడం చూసింది. అంతే చూసింది.

ఆ గొడవలో బుట్టలన్నీ చెల్లాచెదరయ్యాయి. మల్లేశుని పోలీసులు పట్టుకెళ్లారు. నాలుగు నెలల శిక్ష పడింది; బయటికొచ్చాక ఎక్కడో ఉత్తరాన డిగ్లీపూర్లో చుట్టాల దగ్గరికి వెళ్లిపోయాడు. ఊరు ఆ సంగతి మర్చిపోయింది. పుష్పవతి ఒళ్లు మాత్రం మర్చిపోలేదు.

చెవి మీద గాయం నెలలోపే మానింది. లోపలిది మానలేదు. డాక్టరు దాన్ని కంకషన్ అన్నాడు, దెబ్బకి మెదడు అదిరిందన్నాడు; కుదుటపడడానికి ఒక్కొక్కరికి నెలలు పడుతుంది, తొందరపెట్టొద్దన్నాడు. ఎండ చూస్తే కళ్లల్లో సూదులు. పది నిమిషాలు చదివితే వాంతి. తెలిసిన మాటే నోటిదాకా వచ్చి జారిపోయేది. ఒకసారి దువ్వెన అడగబోయి "అదే, తలకి... తలకి..." అంటూ ఏడ్చేసింది. ఎక్కడైనా దభీమని చప్పుడైతే, ఎప్పుడు దూరిందో తనకే తెలియకుండా బల్ల కింద ఉండేది.

ఆమెకి తల్లి లేదు. తండ్రి యిర్మియా పడవలు కట్టే వడ్రంగి. డాలీగంజ్‌లో ఇంటి వెనకే అతని పని. కూతురు ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున సుత్తిని సంచిలో పెట్టి మూతి కట్టేశాడు. కొట్టే పనంతా రేవుకి మార్చుకున్నాడు. వానకి రేకులు మోగకుండా పైన కొబ్బరాకులు పరిచాడు.

"దెబ్బ మానిపోయింది గదా, ఇంకా ఏటి నొప్పి?" అని చర్చిలో ఆడవాళ్లు అడిగేవారు. ఏం చెప్పాలో పుష్పవతికి తెలిసేది కాదు. అసలు నొప్పి ఇంకొకటుంది. అది తండ్రికి కూడా చెప్పలేదు.

నూకన్న ప్రతి ఆదివారం వచ్చేవాడు. గేటు అవతల్నుంచే "మేడం, నానొస్తున్నాను" అనేవాడు. మెట్టు దగ్గర "ఎక్కుతున్నాను." చేపల గిన్నె దించుతూ "పెడతన్నాను, సప్పుడవుద్ది." ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా చెప్పకుండా చెంచా కదపలేదు.

"మరి తుమ్ము వస్తే?" అని ఒకసారి ఆట పట్టించింది.

"బస్సెక్కి గరాచర్మ ఎల్లి, అక్కడ తుమ్మి వొచ్చేస్తాను."

ఆమె పకపకా నవ్వింది. వెంటనే తలనొప్పి వచ్చింది. అయినా ఆ పూటంతా హాయిగానే ఉంది.

అతనితో బస్టాపు దాకా నడవడం మళ్లీ నేర్చుకుంది. తర్వాత బస్సెక్కడం. హారన్ మోగితే గభాలున అతని మోచెయ్యి పట్టుకునేది. అతను ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి కొబ్బరి చెట్లు చూసేవాడు.

ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. పొద్దున్న రెండు గంటలు కూర్చుంటే చాలు; ఒకటో తారీకున రాకపోతే మాత్రం వేరే మనిషిని పెట్టుకుంటారు.

ఆదివారం ఫ్యాక్టరీ మూసే ఉంటుంది కదా, ఒకసారి చూసొద్దామని నూకన్న తీసుకెళ్లాడు. మూసిన కిటికీ ముందు సిమెంటు గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు.

"నేను రాను నూకన్నా," అంది.

"సప్పుడుకి భయమా?"

"చప్పుడుకి కాదు. నేనంటే నాకే భయం. ఆ రోజు మల్లేశు పేరు నేను దాటేశాను. ఎలా దాటేశానో గుర్తు కూడా లేదు. పాపం, మూడు రోజుల వేట నా మూలాన కుళ్లిపోయింది. బుర్ర బాగున్నప్పుడే అంత తప్పు చేశాను. ఇప్పుడీ బుర్రతో కూర్చుంటే ఇంకెవరి కడుపు కొడతానో."

ఆమె తిరిగి చూసింది. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పుష్పా," అన్నాడు. మేడం అనలేదు. "నువ్వు దాటలేదు."

"ఊరుకో. నా మనసు కోసం ఝూట్ చెప్పకు."

"మల్లేశు బుట్ట ఎనక్కి పెట్టీసింది నాను."

ఆమెకి ఆ మాట ఒక్కసారికి ఎక్కలేదు.

"రోజూ నాను ముందే వొచ్చీవోణ్ణి. అందరూ చాయ్‌కెల్లగానే నా బుట్ట తీసి ఆఖర్న పెట్టుకునీవోణ్ణి. ఆ రోజు వాన జోరుగా ఉంది. నాదీ మల్లేశుదీ పక్కపక్కన, రెంటికీ నీలం తాడే. సూసుకోకుండా ఆడిది ఎత్తీసాను. ఆఖరోణ్ణే గదా అని చాయ్ కాడే ఉండిపోయాను, పిలుపు ఇనలేదు. వొచ్చి సూస్తే నాది ఎక్కడిదక్కడే ఉంది. సరిసేద్దారని పరిగెట్టాను. అప్పటికే లోపల్నించి కేక..."

పుష్పవతి గట్టు మీంచి లేచింది. చప్పుడే లేకుండా రెండోసారి దెబ్బ తగిలినట్టయింది. ఈ చేతులేనా గిన్నె దించుతూ కూడా చెప్పి దించింది?

"ఎనిమిది నెలలు," అంది. "ఎనిమిది నెలలు మా మెట్టు మీద కూర్చున్నావు."

"తప్పు నీదనుకుంటన్నావని నాకు తెలీదు పుష్పా. సెప్తే నన్ను ఇంక రానియ్యవని..."

"కొట్టింది మల్లేశు. అది నీ నెత్తిన వెయ్యను. కానీ నిజం నీ జేబులో పెట్టుకుని, నా మీద నాకే నమ్మకం లేకుండా చేశావు."

ఒక్కతే బస్సెక్కింది. హారన్ మోగింది. పట్టుకోవడానికి మోచెయ్యి లేదు. ముందు సీటు కమ్మీ పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఎలాగో ఇల్లు చేరింది.

కూతురి వాలకం చూసి యిర్మియా కంగారుపడ్డాడు. ఆమె అంతా చెప్పేసింది. అతను గడ్డం గోక్కున్నాడు.

"అయితే అమ్మా, నువ్వు పేరు దాటలేదన్నమాట," అన్నాడు.

కోపంలో పడి ఆ సంగతే చూసుకోలేదు. దాటలేదు. తన కళ్లు సరిగానే చూశాయి, తన నోరు సరిగానే పిలిచింది. పుష్పవతి తండ్రి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు తండ్రి చేత నూకన్నకి కబురంపింది. ఒకటో తారీకు పొద్దున్న, లైన్లో అందరి ఎదుటా ఆ నిజం చెప్పాలి. చెప్పకపోతే ఇంక తమ గేటు ముఖం చూడొద్దు.

ఒకటో తారీకున నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చెవులమీదుగా గుడ్డ కట్టుకుని, పుష్పవతి కిటికీలో కూర్చుంది. బయట ఇరవై బుట్టలున్నాయి. ఆ పూట ఎవరూ చాయ్‌కి పోలేదు. ఏదో ఉందని అందరికీ వాసన తగిలింది. నూకన్న బుట్ట చేత్తో పట్టుకునే వచ్చాడు.

"జూన్లో మల్లేశు బుట్ట జరిపింది నాను," అన్నాడు గట్టిగా. "మేడం తప్పేటీ లేదు."

అందరూ నిర్ఘాంతపోయారు. పరాయి బుట్ట! వాళ్లలో పెద్దవాడైన అప్పలరాముడు ముందుకొచ్చాడు.

"ఎందుకు జరిపావురా?"

"నాదనుకున్నాను."

"నీదైతే మాత్రం? ముందున్న బుట్ట ఎవుడైనా ఎనక్కి పెట్టుకుంటాడా? పిచ్చా, పాగలా?"

నూకన్న కిటికీకేసి చూశాడు. నేలకేసి చూశాడు.

"ఆఖర్న ఉంటే... ఆవిడతోటి ఇంకో పది నిమిషాలు మాటాడొచ్చని."

రోజూ బుట్ట వెనక్కి పెట్టుకునేవాడని పుష్పవతికి ఆ ఆదివారమే తెలిసింది. ఎందుకని తనూ అడగలేదు, అతనూ చెప్పలేదు. వెనకనుంచి ఎవడో "అరె బాప్ రే!" అన్నాడు. ఇరవై మందీ గొల్లున నవ్వారు. ఆమె చేతులు చెవుల మీదికి వెళ్లాయి. నూకన్న చెయ్యెత్తాడు. "సప్పుడు!" ఆ మాటతో అంతమందీ ఒక్కసారి నోళ్లు మూసుకున్నారు.

అప్పలరాముడు గొంతు తగ్గించి తీర్పు చెప్పాడు. "డిగ్లీపూర్ ఎల్లి మల్లేశుకి కూడా ఈ మాట సెప్పి రా. పరాయి బుట్ట ముట్టినందుకు ఏడాది దాకా నీ బుట్ట ఆఖర్నే."

శిక్ష వేశాక గానీ ముసలాయనకి తను వేసిందేమిటో తట్టలేదు. అప్పటికే అందరూ తువ్వాళ్లు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు.

పుష్పవతి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. లోపల ప్రతి దిమ్మ వదిలేముందు కుర్రాళ్లు "వదుల్తన్నాం దీదీ!" అని కేకేశారు. అయినా దభీమన్న ప్రతిసారీ ఆమె బల్ల అంచు పట్టుకుంది. బల్ల కిందికి మాత్రం వెళ్లలేదు. ఇరవయ్యో చీటీ అయ్యేసరికి తల పగిలిపోతోంది. ఒక్క పేరూ దాటలేదు.

ఇరవై ఒకటో మనిషి తలెత్తకుండా నిలబడ్డాడు.

"మా నాన్న సంచిలోంచి సుత్తి తీశాడు," అంది పుష్పవతి.

నూకన్న అదిరిపడ్డాడు. "నా మీదికా?"

"మెట్ల పక్కన బెంచీ చేస్తున్నాడు. ఇద్దరు కూర్చోవడానికి. ఒక్కో మేకూ నాకు చెప్పి మరీ కొడుతున్నాడు. ఆదివారం రమ్మన్నాడు నిన్ను."

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "వస్తాను..." అని ఆగిపోయాడు.

"ఏంటి, మేడం అనవా?"

"ఇంక నిన్నేటని పిలవాలో తెలీట్లేదు."

పుష్పవతి చీటీ చింపి అతని చేతిలో పెట్టింది. చెయ్యి వెంటనే తీసుకోలేదు.

"నీ ఇష్టం," అంది. "దీదీ అని మాత్రం అనకు."