షెడ్డు కాడ చెయ్యెత్తిన మనిషి

బత్తలపల్లి నుంచి ధర్మవరం పోయే రోడ్డు మీద, ఒక చిన్న ఊరికి తిరిగే మలుపులో పాడుబడిన పట్టుపురుగుల షెడ్డు ఒకటి ఉండేది. చీకటి పడితే ఆ పక్కకు కుక్కలు కూడా పోవని చెప్పుకునేవారు. కుక్కల సంగతేమో గానీ, మనుషులు మాత్రం పోయేవారు కాదు.

షెడ్డు సుంకమ్మది. కూతురు యశోదతో కలిసి మల్బరీ తోట పెట్టి, పురుగులు మేపి, పట్టుగూళ్ళను హిందూపురం మార్కెట్టుకు వేసేది. కూతురు లేదని తెలిసిన రోజే ఆ పని వదిలేసింది. తోట ఎండిపోయింది, తట్టలకు చెదలు పట్టింది. అయినా రాత్రిపూట ఆ షెడ్డులోంచి పురుగులు ఆకు మేసే చప్పుడు వినపడుతుందని విన్నవాళ్ళు చెప్పారు. సన్నగా... వాన తుంపర పడినట్టు... ఒక్క పురుగు కూడా లేని షెడ్డులో.

యశోదే, అని ఊరంతా ఒక్క మాట మీద నిలిచింది. శవం రాలేదు కదా. కువైట్ యుద్ధంలో పోయిన పిల్ల, ఇల్లు వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చి, గడప తొక్కలేక షెడ్డులో ఆగిపోయిందన్నారు. దెయ్యాలకు పాస్‌పోర్టు అక్కర్లేదులే అని ఎగతాళి చేసినవాడు ఒకడున్నాడు. వాడు కూడా పొద్దుగూకితే చుట్టుదారిన పోయేవాడు.

ఈ కథను నమ్మనివాడు ఊళ్ళో ఒక్కడే. ధనుంజయ. యశోద పోయిందని కబురు తెచ్చింది అతనే మరి.

ధనుంజయ కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరు. సెలవు మీద వచ్చినప్పుడు, మొగుడు వదిలేసిన పిల్ల ఎన్నాళ్ళని ఈడ పురుగులు మేపుతుంది, అక్కడ ఇంటిపనికి పంపమని సుంకమ్మకు చెప్పింది కూడా అతనే. సుంకమ్మ అంత దూరమా అని వెనకాడితే, "నేనుండా గదా చిన్నమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట మీద పంపింది.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో పక్క దేశం సైన్యం రాత్రికి రాత్రి వచ్చి కువైట్ మీద కూర్చుంది. యశోద పనిచేసే ఇంటివాళ్ళు ఆమెను ఇంటికి కాపలా పెట్టి, కారెక్కి సౌదీకి పారిపోయారు. ధనుంజయ కబురు పంపాడు — మనవాళ్ళం ఒక వ్యానులో సరిహద్దుకు పోతున్నాం, సంచి సర్దుకుని గేటు దగ్గర నిలబడు, ఎక్కించుకుంటాను అని.

ఆమె నిలబడింది.

వ్యానులో మనిషి ఒళ్ళో మనిషి. వీధి చివర తుపాకులతో సైనికులు. ఆపితే బండి లాక్కుంటారని వెనక నుంచి ఎవరో గొణిగారు — "ఆపాకు... ఆపాకు..." స్టీరింగు ధనుంజయ చేతిలో ఉంది. గేటు దగ్గర యశోద చెయ్యెత్తింది. అతని కాలు బ్రేకు మీదికి పోలేదు. వీధి మలుపు తిరిగేదాకా అద్దంలో కనపడుతూనే ఉంది. ఎత్తిన చెయ్యి దించలేదు.

ఎడారిలో గుడారాలు, ఎవరో పెట్టిన రొట్టె, విమానం, బొంబాయి. బొంబాయి నుంచి రైల్లో కూర్చున్నప్పట్నుంచీ ఒక అబద్ధాన్ని నోట్లో నానబెట్టుకుంటూ వచ్చాడు — యశోద తను పనిచేసే ఇంటివాళ్ళతో సౌదీకి పోయింది, అక్కడ చల్లగా ఉంది. వినడానికి బాగుంది. చెప్పడానికీ బాగుంది.

బత్తలపల్లిలో బస్సు దిగేసరికి సుంకమ్మ ఎదురుగా ఉంది. కువైట్ నుంచి జనం వస్తున్నారని విని, వచ్చే ప్రతి బస్సుకూ ఎదురొచ్చి నిలబడుతోందట.

"నా బిడ్డ యాడప్పా?" అంది.

"పాయె చిన్నమ్మా..." అన్నాడు ధనుంజయ.

మన వైపు బస్సు వెళ్ళినా పాయె అంటారు, మనిషి ప్రాణం విడిచినా పాయె అంటారు. ‘సౌదీకి’ అనే మాట ఇంకా అతని నోట్లోనే ఉంది. సుంకమ్మ అప్పటికే కింద పడి నెత్తి కొట్టుకుంటోంది. నలుగురూ మూగారు. ఆడవాళ్ళు రాగం అందుకున్నారు. ఎవరో అతని భుజం మీద చెయ్యేసి, నువ్వన్నా బతికొచ్చినావు, అదే పదివేలు అన్నారు.

దిద్దుకోవచ్చు. అప్పుడు దిద్దుకోవచ్చు, ఇంటికి పోయి దిద్దుకోవచ్చు, మర్నాడైనా దిద్దుకోవచ్చు. కానీ చచ్చిన మనిషిని ఎందుకు తీసుకురాలేదని ఎవరూ అడగరు. అతని సగం అబద్ధాన్ని ఊరు పూర్తి చేసింది. అతను ఊరుకున్నాడు. యశోద దినాలకు వండిన అన్నం అతనికీ విస్తట్లో వడ్డించారు. ముద్ద గొంతు దిగదేమో అనుకున్నాడు. దిగింది. అందుకు అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

సంక్రాంతి పోయాక యుద్ధం ముదిరింది, శివరాత్రి దాటాక ముగిసిందని రేడియోలో చెప్పారు. టీ అంగడి దగ్గర ఎవరు గెలిచారు, ఎవరు తోక ముడిచారు, పెట్రోలు ధర దిగుతుందా అని ఒకటే వాదనలు. యుద్ధం అయిపోయిందని రేడియో చెబుతుంది గానీ ఎవరికి అయిపోయిందో చెప్పదు. దారులు తెరుచుకున్నాయి, చిక్కుకున్నవాళ్ళు తిరిగి వస్తున్నారు అని వార్తల్లో విన్నప్పుడు అందరూ సంతోషించారు. ధనుంజయ గ్లాసులో టీ వదిలేసి లేచిపోయాడు.

అప్పటికి అతను అద్దెకు జీపు తోలుతున్నాడు. రోడ్డు మీద ఎవరు చెయ్యెత్తినా ఆపుతాడని పేరు. జీపు నిండి జనం టాపు మీద కూర్చున్నా, ముసలివాళ్ళెవరైనా చెయ్యెత్తితే తన పక్కన ఇంత చోటు చేసి కూర్చోబెట్టుకునేవాడు. దేవుడిలాంటి మనిషి అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా అతను రోడ్డు వైపు చూసేవాడు.

ఆ ఏడు వానలు మొదలైన రోజులు. ధర్మవరంలో చీరలు అప్పజెప్పి వస్తున్న ఊరి నేతగాడు ఆంజనప్ప ఒక్కడే జీపులో ఉన్నాడు. తుంపర పడుతోంది. కరెంటు పోయినట్టుంది, ఊరి వైపు ఒక్క దీపం లేదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆంజనప్ప సీట్లో ముందుకు వంగాడు.

షెడ్డులో వెలుతురు...

అగ్గిపుల్ల వెలుగంత. వెలిగి, ఆరిపోయింది.

"చూస్తివా..." అన్నాడు ఆంజనప్ప గుసగుసగా.

ధనుంజయ చూశాడు. జీపు లైట్ల వెలుతురు రోడ్డు మీద మలుపు తిరిగింది. ఆ వెలుతురులోకి షెడ్డు పక్క నుంచి ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. తడిసిన జుట్టు మొహానికి అతుక్కుని ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. చంకన సంచి... ఆమె చెయ్యెత్తింది.

"ఓ అన్నా... రవ్వంత ఆపన్నా..."

ఆంజనప్ప అతని చొక్కా పట్టుకున్నాడు. "ఆపాకు... నీకు పుణ్యముంటాది, ఆపాకు..."

ఎవరు చెయ్యెత్తినా ఆపే మనిషి, ఆపలేదు.

ఊళ్ళోకి వచ్చి జీపు ఆగీ ఆగకముందే ఆంజనప్ప దూకి, గడపగడపకూ చెప్పాడు. నీళ్ళ ట్యాంకు దగ్గర జనం చేరారు. చేతుల్లో చీపుర్లు, వేపమండలు, పాత చెప్పులు. పూజారిని పిలవాలని కొందరు, తెల్లారేదాకా ఎవరూ కదలొద్దని కొందరు. నువ్వు కళ్ళారా చూశావా అని ధనుంజయను అడిగారు. చూశానన్నాడు. యశోదేనా అంటే, అవునన్నాడు.

లోపల మాత్రం అతను మొక్కుకుంటున్నాడు. అతనికి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు — అది దెయ్యమే కావాలి స్వామీ, మనిషి కాకూడదు. తన చెల్లెలిలాంటి పిల్ల బతికి ఉండకూడదని కోరుకున్న మనిషి ఆ రాత్రి ఆ ఊళ్ళో అతనొక్కడే. కోరుకుంటున్నానని అతనికి తెలుసు కూడా.

అంతలో జనాన్ని తోసుకుంటూ సుంకమ్మ వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. ధనుంజయ ముందుకు వచ్చి మెల్లగా అడిగింది.

"ఎట్లుండాదప్పా నా బిడ్డ?"

అతను రోడ్డు వైపు చూశాడు.

"చిక్కిపోయిండాదా?"

అవునని తల ఊపాడు.

సుంకమ్మ వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. సంగటిముద్ద ఒకటి గిన్నెలో పెట్టుకుని, పైన పప్పు పోసుకుని, కొంగు కప్పుకుని వచ్చింది. ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. దెయ్యం పట్టుకుంటే వదలదని, తల్లీబిడ్డా అని చూడదని చెప్పారు.

"దెయ్యమైతే నా బిడ్డ కాకుండా పోతాదా?" అంది. "ఆకలితో ఉండాది. ఎవరన్నా లాంతరు పట్టుకోని రాండి, నాకు కండ్లు ఆనవు."

ఎవరూ కదల్లేదు. చీపుర్లు పట్టుకున్న మగవాళ్ళు నేల చూపులు చూశారు. లాంతరు అందుకున్నది ధనుంజయ. ఎంత గుండె ధైర్యమో అని వెనక ఎవరో అనడం అతనికి వినపడింది. ధైర్యం కాదు. అక్కడేముందో ఊరికన్నా ముందు తను చూడాలి. అంతే.

ఇద్దరూ నడిచారు. తుంపర నిలిచింది. మలుపు దగ్గర పడే కొద్దీ చప్పుడు వినపడింది... సన్నగా, గరగరమని... ఆకు మేస్తున్నట్టు... దెయ్యమే, దెయ్యమే, అనుకున్నాడు ధనుంజయ. ప్రాణం కుదుటపడింది.

షెడ్డు తలుపు వారగా తీసి ఉంది. లోపల ఒక మూల, చినిగిన తట్టల మీద ఎండుటాకు పరుచుకుని ఎవరో ముడుచుకుని పడుకుని ఉన్నారు. ఒళ్ళంతా వణుకుతోంది. ఆ వణుకుకు కిందున్న ఎండుటాకు గరగరమంటోంది.

"యశోదా..." అని పిలిచింది సుంకమ్మ.

ఆ ఆకారం కదిలింది. తల ఎత్తింది.

సుంకమ్మ గిన్నె కింద పెట్టి, దగ్గరికి పోయి, మొహం మీద చెయ్యి వేసింది. నుదురు, బుగ్గలు, మెడ... చెయ్యి తీయకుండా అలాగే కూర్చుండిపోయింది.

"జొరం" అంది సుంకమ్మ. "ధనుంజయా, బిడ్డకు జొరం కాగుతాండాదప్పా."

దెయ్యాలకు జ్వరం రాదు. లాంతరు ఇంకో చేతికి మార్చుకుని అతను అక్కడే నిలబడ్డాడు.

యశోద తల్లి ఒళ్ళో తలపెట్టి, దగ్గుతూ, ఆగి ఆగి చెప్పింది. యుద్ధమంతా పక్కింటివాళ్ళు దాచి తిండి పెట్టారని, అయిపోయాక నూనె బావులు మండి పగలే నల్లటి వాన పడిందని, అప్పట్నుంచీ ఈ దగ్గు పోలేదని. సైనికులు ఇంటి తాళాలు పగలగొట్టి దోచుకున్నప్పుడు తన పాస్‌పోర్టు కాగితాలు కూడా పోయాయట. కొత్తవి చేతికొచ్చేసరికి ఇన్నాళ్ళయింది. బత్తలపల్లిలో బస్సు దిగి నడిచిందట, కాళ్ళు రాక షెడ్డులో కూర్చుందట. తనను చూసి ఒక జీపు ఆగకుండా పోయిందని కూడా చెప్పింది. ఎవరి జీపో ఆమెకు తెలియదు.

"నీ దినాలు కూడా చేస్తిమి గదమ్మా" అంది సుంకమ్మ. అప్పటికి ఏడుపు వచ్చింది ఆమెకు.

యశోద లేచి కూర్చుంది. "ఎవరు చెప్పిరి, నేను పోయినానని?"

సుంకమ్మ తల తిప్పి లాంతరు వైపు చూసింది. యశోద కూడా అటే చూసింది. అప్పటిదాకా ఆమె లాంతరు వెనక ఎవరున్నారో చూడలేదు.

ధనుంజయ తిట్టు కోసం ఎదురుచూశాడు. కాండ్రించి ఉమ్మినా బాగుండుననిపించింది. నీళ్ళ ట్యాంకు దగ్గర ఊరంతా ఉంది, గట్టిగా ఒక్క కేక వేసినా చాలు.

యశోద గిన్నె దగ్గరికి లాక్కుంది. సంగటి తుంచి నోట్లో పెట్టుకుని, మెల్లగా మింగి, అప్పుడంది.

"అన్నను ఏమనాకుమ్మా. వాళ్ళ బండి పోయేటప్పటికి చీకటి. గేటు కాడ నేనుండేది యాడ కనపడతాది? ఆ గలాటాలో పోయిందనుకోనుంటాడు."

సుంకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అంతేనా అప్పా? చీకటా?"

వ్యాను ఆ గేటు ముందు నుంచి పోయింది మిట్టమధ్యాహ్నం. కళ్ళు చెదిరే తెల్లటి ఎండ. చెయ్యెత్తినప్పుడు యశోద మోచేతి మీది పచ్చబొట్టు కూడా కనపడింది అతనికి. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ షెడ్డులో ఇద్దరే. రెండో మనిషి సంగటి తుంచడం ఆపి, తల ఎత్తకుండా వింటోంది.

"చీకటే చిన్నమ్మా" అన్నాడు ధనుంజయ.