తాలు కుప్పలో సీసా

"ఇదీ చేజారిందంటే నీ సీటు రికార్డు రూములోనే, యుగేందర్!"

చెవిలో చీఫ్ గొంతు గరగరలాడి ఆగిపోయింది. చెవిలోని ఇయర్‌పీస్ మళ్లీ చచ్చింది. సీక్రెట్ ఏజెంట్ యుగేందర్ పళ్లు కొరికాడు. జనగామలో స్కార్పియన్ ముఠా అతడి కళ్లముందే కారెక్కి పోయింది. కొడకండ్లలో వెంటాడి పట్టుకున్నవాడు తీరా చూస్తే పెళ్లి వీడియోగ్రాఫర్. ఇప్పుడు మహబూబాబాద్ మిర్చి యార్డులో వ్యాపారి వేషం. ఘాటుకు తుమ్మి తుమ్మి పెట్టుడు మీసం ఊడిపోతోంది.

పని మాత్రం చిన్నది కాదు. మిర్చికి, మక్కజొన్నలకు పట్టే బూజు ఒక విషం వదులుతుంది. అది మనిషి లివర్ కణాలను మెల్లగా చంపుతుంది. భూపాలపల్లి అడవిలోని ఓ ఆకులో ఉన్న యాంటీఆక్సిడెంట్లు ఆ కణాలను కాపాడతాయని సైంటిస్టు శృతి కనిపెట్టింది. మిగిలింది ఒక్క సీసా రసం. యార్డు వెనక ల్యాబ్ వ్యాన్‌లో ఈ ఉదయమే ఆఖరి టెస్టు. ఫెయిలైతే ప్రాజెక్టు మూత, కాపలా లేని ఫార్ములా స్కార్పియన్ పాలు.

"వాన పడ్డదా?" కోడ్ వర్డ్ అడిగాడు.

"గంగారంల పడ్డది." గంగారం నుంచి సీసా తెచ్చి, మిర్చి ఏరే కూలీలా కూర్చున్న తారి బదులిచ్చింది. నూనె రాసుకున్న ఆమె చేతులు మెరుస్తున్నాయి. "తాలు కుప్పల పెట్టిన సారూ. జర ఆగు, నా లెక్క చేతులకు నూనె రాస్కో. ఆ చేతులతోటి కండ్లు ముట్టకు."

వినే ఓపిక ఎవరికుంది? యుగేందర్ ఎదురుగా ఉన్న ఎర్రటి కుప్పలో మోచేతుల దాకా చేతులు ముంచాడు.

"అయ్యో, గది మంచి మిర్చి సారూ! తాలంటే గా తెల్లబడ్డ కాయలు!"

అప్పటికే పార్ట్‌నర్ గీతాంజలి తాలు కుప్పలోంచి సీసా తీసేసింది. పట్టుచీర, కంట్లో కెమెరా లెన్సు, ఎప్పుడూ చెదరని నవ్వు. క్షణం అటు తిరిగి హ్యాండ్‌బ్యాగ్ సర్దుకుని, సీసా అతడికిచ్చింది.

"పరిగెత్తు!"

యుగేందర్‌కు ఒళ్లు మండింది. పేరు మళ్లీ ఆవిడకే!

వ్యాన్‌లో యుగేందర్ సీసా పట్టుకుంటే, శృతి డ్రాపర్ నింపి, కణాలున్న ప్లేటు మీదికి వంచింది. బయట పెద్ద కేక.

"నా కన్ను! నీళ్లు!"

లెన్సు సరిచేసుకోబోయి గీతాంజలి మిర్చి చేత్తో కన్ను నలిపింది.

"నూనె రాస్కోమంటె ఇంటిరా ఒక్కరన్న!" తారి అరుస్తోంది.

నూనె! తారి నూనె చేతులతో దాచిన సీసా అది. దానికి మిర్చి గింజలు అంటుకుని ఉండాలి. ఈ సీసా పొడిగా, నున్నగా ఉందేం?

"ఆపండి శృతిగారూ!"

డ్రాపర్ కొసన వేలాడుతున్న చుక్కను ఆమె చటుక్కున వెనక్కి లాగేసింది. పరీక్షిస్తే, అది రసం కాదు, బూజు విషం. గింజలంటిన అసలు సీసా గీతాంజలి హ్యాండ్‌బ్యాగ్‌లో దొరికింది. స్కార్పియన్ జీతం తింటున్న డబుల్ ఏజెంట్ కళ్లు తెరవలేక, గోడకు ఆనుకుని బేడీలు వేయించుకుంది.

సాయంత్రానికి, రసం పోసిన కణాలు విషాన్ని తట్టుకుని బతికాయి. తెర మీద చీఫ్ చప్పట్లు కొట్టాడు.

"శభాష్! అరె, ఏడుస్తున్నావా? నీ మనసు ఇంత మెత్తనిదని తెలీదయ్యా!"

చెమట తుడుచుకోబోయి యుగేందర్ ఆ మిర్చి చేతులతోనే రెండు కళ్లూ నలిపేసుకున్నాడు. పక్కన తారి నూనె సీసా మూత తీస్తోంది.

"ఆనందబాష్పాలు సార్," అన్నాడు పళ్లు కొరుకుతూ.