మాసమ్మకు పాఠం చెప్పినవాడు

"సార్, మీరు చెప్పింది నాకు ఒక్క ముక్క సమజ్ కాలె," అంది నర్మద.

హాలంతా ఘొల్లుమంది. పెద్దవాళ్లకు పాఠం చెప్పడమెలాగో నర్సులకు, ఫార్మసిస్టులకు నేర్పే వారం రోజుల శిక్షణ అది, నారాయణగూడలో. ఆ పూట అశోక్ నగర్ మందుల షాపు ఫణికిరణ్ టీచరు. స్టాఫ్ నర్సు నర్మద చదువురాని షుగర్ పేషెంటుగా నటిస్తోంది. ఇన్సులిన్ గురించి అతను పది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా దంచేశాడు.

"ఏది అర్థం కాలేదండీ?"

"నన్ను ఒక్క మాటన్న అడిగిన్రా? నేనేం పని చేస్త, సూదంటే భయమా అని?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. శిక్షణ ఇస్తున్న అంబిక గారు మాత్రం మురిసిపోయారు. "పెద్దవాళ్లకు ముందే ఎంతో తెలుసు. అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. నర్మద నా పని తేలిక చేసింది."

టీ విరామంలో అతను రెండు కప్పులతో ఎదురొచ్చాడు. గొడవకేనని నర్మద నడుం బిగించింది.

"థ్యాంక్సండీ. షాపులో రోజూ ఇలాగే చెప్తాను. అందరూ తలూపి వెళ్లిపోతారు. అర్థం కాలేదని మొదట చెప్పింది మీరే."

ఆమె కోపం టీలో చక్కెరలా కరిగిపోయింది.

"మీరైతే భలే నేర్పుతారేమో," అన్నాడతను.

"మా అమ్మకే నేర్పలేకపోయిన." నోరు జారింది. ఇక దాచలేదు. తల్లి మాసమ్మ పాలమూరు వైపు నుంచి వచ్చి భవన నిర్మాణ పనుల్లో సిమెంటు, ఇసుక కలిపిన మాలు మోస్తుంది. రెండు పూటలా ఇన్సులిన్ వేసేది నర్మదే. "పోయిన నెల డ్యూటీల ఇరుక్కపోయిన. మూడు పూటలు సూది పడలె. దవాఖానల చేర్పించాల్సొచ్చింది. నేర్పబోతే నేను అరుస్త, ఆమె ఏడుస్తది."

"నేను ప్రయత్నించనా?"

నర్మద నవ్వింది. అతను నవ్వలేదు.

ఆదివారం వానలో తడిసి ముద్దై, చిక్కడపల్లి బస్తీలో వాళ్లింటికి వచ్చాడు. చాప మీద కూర్చున్నాడే గాని మందుల డబ్బా తెరవలేదు.

"అమ్మా, మాలు ఎలా కలుపుతారు?"

మాసమ్మ అనుమానంగా చూసింది. తర్వాత అరగంట ఆగలేదు. "నీళ్లు జర ఎక్కువైతే గోడ నిలవదు బిడ్డా."

"ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?"

"చెయ్యే చెప్తది."

"అయితే ఈ సిరంజి కూడా మీ చేతికే ఇస్తా. మందు కాదు, ఉత్త నీళ్లు. రెండో పెద్ద గీత దాకా లాగండి."

"అట్ల కాదమ్మా!" మాసమ్మ గీత దాటించి లాగగానే నర్మద అరిచింది. అతను ఒక్క చూపు చూశాడు. అందులో కోపం లేదు, బతిమాలడమే. ఆమె పెదవి కొరుక్కుని తలుపు దగ్గరికి వెళ్లి వాన చూస్తూ నిలబడింది.

మొదటి ఆదివారం నీళ్లు లాగడం. రెండోసారి బత్తాయికి గుచ్చడం. మూడో ఆదివారం సూది తన పొట్ట దాకా తెచ్చి, ఏడ్చి, సిరంజి కింద పెట్టేసింది మాసమ్మ. అతను తొందరపెట్టలేదు, మళ్లీ వచ్చాడు.

నాలుగో ఆదివారం పొట్ట మీద చర్మం పట్టుకుని, తానే సూది వేసుకుంది.

"గింతేనా? దీనికేనా ఇన్నొద్దులు భయపడ్డ?"

నర్మద తల్లిని కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కళ్లు తుడుచుకుంటూ అతన్ని సాగనంపడానికి గల్లీలోకి వచ్చింది.

"ఈ రుణం ఎట్ల తీర్చుకోవాలె?"

"నేనే రుణపడ్డానండీ. ఇప్పుడు షాపుకొచ్చిన ప్రతి మనిషినీ ముందు అడిగి, తర్వాత చెప్తున్నా." అతను చెప్పుల వైపు చూశాడు. "ఒకటే బాధ. అమ్మ నేర్చేసుకున్నారు. వచ్చే ఆదివారం రావడానికి కారణం లేదు."

"నన్ను చూడనీకి రారా?"

అతను తలెత్తాడు. ఎవరో స్విచ్ వేసినట్టు ముఖం వెలిగింది. "అందుకైతే రోజూ వస్తానండీ!"

లోపలి నుంచి మాసమ్మ కేకేసింది: "బిడ్డా, సూదేసుకున్నంక బువ్వ తినాలె గదా! గా పిల్లగాన్ని గూడ లోపలికి పిల్వు. ముగ్గురికీ వడ్డిస్తున్న."