వెర్నా తెరిచిన చాకు

ఒరెగాన్‌లో, కొలంబియా నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా, బటన్ చాకుల సంగతి నాకంటే తెలిసినవాడు పుట్టలేదు. ఇక పుట్టడు కూడా. నా కళ్లకు గంతలు కట్టండి. గోడ అవతల ఎవరైనా బటన్ నొక్కి చాకు తెరవండి. పిడిలోంచి అలుగు బయటికొచ్చిన ఆ ఒక్క చప్పుడు విని, అది ఏ ఊళ్లో ఎవరి చేతి పనో చెప్పేస్తాను. పోర్ట్‌లాండ్ చాకుల ప్రదర్శనలో ఓసారి ఇలాగే చెబుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. ముందు వరసలో ఒకావిడ ఆ వింతకు తట్టుకోలేక స్పృహ తప్పి పడిపోయింది.

మా ఆవిడ వెర్నా ఉండి ఉంటే, చేతిలో పని ఆపకుండానే అనేది: "పడిపోయింది ఉక్కకి, ఎల్బర్ట్. ఆ హాల్లో ఫ్యాన్లు తిరగలేదు."

మా కాపురమంతా అదే. నేను కోతలు కోయడం, తను దిద్దడం. కొండ దారిలో నా చాకు చప్పుడు విని ఎలుగుబంటి పారిపోయిన కథ నేను వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. వెయ్యిసార్లూ వెర్నా, "పక్కింటి కుక్క" అంది.

చాకులు చేసేది తను. సేకరించేదీ, బల్ల వెనక నిలబడి గొంతు చించుకునేదీ నేను. ప్రదర్శనకు వచ్చిన ప్రతివాడూ అడిగే ప్రశ్న ఒకటే: "ఇది చేత్తో చేసిందా, యంత్రం చేసిందా?"

"రెండూ," అనేది వెర్నా. "సెమీ కస్టమ్ అంటే అదే మరి. ఇనుం ముక్కలు ఊళ్లో యంత్రం కోసి పంపిస్తుంది, పెట్టెలకు పెట్టెలు, ఒకదానికొకటి కవలపిల్లల్లా. వాటికి సాన పట్టడం, బటన్ కూర్చడం, స్ప్రింగు బిగువు సరిచెయ్యడం నేను. పిడికి ఏ చెక్క కావాలో చెప్పడం మీరు. బిగువు ఎక్కువైతే చాకు చేతిలోంచి ఎగురుతుంది. తక్కువైతే అలుగు సగంలో ఆగిపోతుంది. ఆ రెంటికీ మధ్య ఒక చోటుంది. అది యంత్రానికి తెలీదు."

"పెట్టెలో వచ్చేవి శవాలండీ!" అని నేను అందుకునేవాణ్ణి. "మా ఆవిడ ఊపిరి పోస్తుంది!"

"ముందు నీ ఊపిరి కాస్త ఆపు. పాపం, వాళ్లని చాకు చూడనీ."

జనం పడీపడీ నవ్వేవాళ్లు.

చాకుల వాళ్లకు రెండు పట్టింపులున్నాయి. ఇవి తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. ఒకటి మర్యాద. ఎవరి చాకు చేతిలోకి తీసుకున్నా, చూశాక మళ్లీ బటన్ నొక్కి మూసి, సేఫ్టీ మీట ముందుకు జరిపి తిరిగివ్వాలి. మీట ముందుకుంటే బటన్ దిగదు, చాకు తెరుచుకోదు. ఏళ్లు గడిచేసరికి ఇది వేళ్లకే అలవాటైపోతుంది. రెండోది నమ్మకం. తాతల కాలంనాటిది. ఒకరు తెరిచిన చాకుని ఇంకొకరు మూయకూడదు. తెరిచినవాళ్లే మూసుకోవాలి.

మామూలు రోజుల్లో ఈ రెంటికీ పేచీ రాదు. చాకు తెరిచినవాడు అక్కడే ఉంటాడు కనుక.

వెర్నా పోయింది ఎండలు తగ్గిన రోజుల్లో, మా ఇంటి వెనక షెడ్డులో, తన పనిబల్ల దగ్గరే. కమలాపండు ఒలుచుకు తింటూ పని చెయ్యడం తనకి అలవాటు. వేళ్లు తుడుచుకుని, చేస్తున్న చాకు బటన్ నొక్కింది. ఠక్... చెవి దగ్గర పెట్టుకుని వింది. మొహం చిట్లించింది. "ఇంకొంచెం ఉంది," అని చాకుని తెరిచినది తెరిచినట్టే బల్ల మీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలింది. అంతే. గుమ్మంలో కాఫీ పట్టుకుని నిలబడ్డ నాతో అన్న ఆఖరి మాట అది.

ఆ చాకు నేను మూయలేదు. ఎలా మూస్తాను? తెరిచింది తను.

అంత్యక్రియలైన వారానికి అనుకుంటా, వెలుగు పోయే వేళకి షెడ్డులోంచి కమలాపండు వాసన వచ్చింది. తర్వాత ఆకురాయి చప్పుడు. స్స్...క్, స్స్...క్. స్ప్రింగు కొసను అరగదీసేటప్పుడు వచ్చే చప్పుడు, మరిదేనికీ రాదు. నేను లోపలికి వెళ్లలేదు. గుమ్మం బయట బల్ల వేసుకుని కూర్చున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆమె పని పూర్తికాలేదు, అందుకే వస్తోంది. చాకు తెరిచి ఉన్నంత కాలం పూర్తికాదు. నాకింకేం కావాలి? రోజూ కాఫీ తెచ్చుకుని, తలుపు సందులోంచి ఆ రోజు కోతలన్నీ తనకి కోసేవాణ్ణి. బదులు రాదు. కానీ నేను మరీ మీరిపోయినప్పుడు, ఆకురాయి ఒక్క క్షణం ఆగేది. దిద్దినట్టు.

ఆ చలికాలంలో మంచువాన కురిసిన రోజున రాయ్స్ హెండ్లీ వచ్చాడు. దుంగల లారీ తోలుతాడు. తలుపు పట్టని మనిషి. వెర్నా చేసిన చాకు ఒకటి ఎప్పుడూ జేబులో ఉండాల్సిందే. అంత్యక్రియలకు రాలేకపోయానని టోపీ తీసి రెండు చేతుల్తో నలిపేస్తూ గుమ్మంలో నిలబడ్డాడు.

"లోపలికి రా, మంచుబొమ్మవైపోతావ్," అన్నాను. "జింక మాంసం ఉడుకుతోంది. ఆ జింకని నేను నదికి అవతల ఒడ్డున ఉండగా..."

"కొట్టుంటావులే, పెద్దాయనా. కళ్లు మూసుకుని కూడానా?"

"ఒక కన్నే."

నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఆవిడ బల్ల ఒకసారి చూడనిస్తావా?" అన్నాడు.

కాదనలేకపోయాను. నిజం చెప్పొద్దూ, చూపించాలనే ఉబలాటం నాకే ఎక్కువ. షెడ్డుకు తీసుకెళ్లాను. సాయంత్రం నాలుగే అయింది. అయినా బయట వెలుగు అప్పుడే బూడిదరంగుకి తిరిగి చీకటి పడుతోంది. ఫిర్ చెట్ల కొమ్మలు మంచు బరువుకి మూలుగుతున్నాయి. రాయ్స్ ఆ తెరిచిన చాకుని రెండు వేళ్లతో ఎత్తి, దీపం కింద పట్టుకుని చూశాడు.

"ఆఖరిదా?"

"ఆఖరిదే. దాన్ని అలాగే..."

ఎక్కడో కొమ్మ విరిగి కరెంటు తీగ మీద పడింది. దీపం ఆరిపోయింది.

చీకట్లో, చేతిలో అంత పదునైన అలుగు పట్టుకుని చాకుల మనిషి ఏం చేస్తాడు? వాడూ అదే చేశాడు. ఆలోచించి చేసిన పని కాదు, వేళ్లు చేశాయి. బటన్ నొక్కిన చప్పుడు. అలుగు పిడిలోకి వెళ్లిన చప్పుడు. సేఫ్టీ ముందుకు జరిగిన చిన్న చప్పుడు.

"ఇదిగో, పెద్దాయనా," అని మర్యాదగా నా చేతిలో పెట్టాడు.

అలుగు ఉండాల్సిన చోట నా వేలికి పిడి తగిలింది.

"ఏమైంది?"

"అది వెర్నా తెరిచింది, రాయ్స్."

వాడికి అర్థమైంది. చీకట్లోనే తెలిసింది నాకు, వాడి ఊపిరి మారింది.

కమలాపండు వాసన రావలసిన వేళ అది. రాలేదు. ఆకురాయి చప్పుడు రాలేదు. నేను ఆ చాకుని బల్ల మీద, తను పెట్టిన చోటే పెట్టాను. "వెర్నా," అన్నాను, "వాడికి తెలీదు. ఇంకొంచెం ఉందన్నావు కదా..."

ఏమీ లేదు. చెట్ల మూలుగు, అంతే.

ఇద్దరం ఇంట్లోకి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాం. పొయ్యిలో నిప్పు తప్ప వేరే వెలుగు లేదు. నా వెనక గోడ పొడుగునా అల్మారా. అందులో నా చాకులన్నీ, సొరుగులకు తాళాలు వేసి, ఒక్కోదానికీ సేఫ్టీ వేసి. పశ్చిమ తీరంలోకెల్లా పెద్ద సేకరణ. కాదు... పెద్దవాటిలో ఒకటి.

ఠక్.

రాయ్స్ నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను.

"పొయ్యిలో కట్టె పగిలిందా?" గుసగుసగా అడిగాడు.

కట్టె కాదు. పై సొరుగులో ఎడమ చివర ఉన్నది. ఇటలీ చాకు. జింక కొమ్ము పిడి. స్ప్రింగు కాస్త బద్ధకం. చప్పుడుకి తోక ఉంటుంది.

ఠక్.

దాని పక్కది.

ఠక్. ఠక్...

వరసలో వస్తున్నాయి. ఎవరో వేలితో ఒక్కొక్కటే తడుముకుంటూ వస్తున్నట్టు. తాళం వేసిన సొరుగులో. సేఫ్టీ వేసిన చాకులు. నాకు ప్రతి ఒక్కటీ తెలుసు... ఇది టెన్నెస్సీ ముసలాయనది... ఇది ఇద్దరన్నదమ్ములు చేసింది... ఏ చెవిని చూసుకుని ఇన్నాళ్లూ ఎగిరానో, ఆ చెవే నన్ను పట్టుకుని వినిపించింది. ఒక్కటీ తప్పలేదు.

"ఎవరు?" అన్నాడు రాయ్స్. గొంతు పిల్లాడి గొంతులా ఉంది.

"వెతుకుతోంది."

"దేన్ని?"

"తను తెరిచి పెట్టినదాన్ని."

కింది సొరుగు. వెర్నా చేసినవన్నీ అందులోనే. వాటి దగ్గర ఆమె నెమ్మదించింది. ఠక్... ఆగింది. వింటోంది. ఠక్... మళ్లీ ఆగింది. ఇది కాదు... ఇదీ కాదు... పొయ్యిలో నిప్పు సన్నబడింది. చలి. అప్పుడొచ్చింది కమలాపండు వాసన. నా పక్కనుంచే. నా భుజం మీదుగా ఎవరో వంగినట్టు.

అల్మారా అయిపోయింది. నిశ్శబ్దం.

ఠక్.

రాయ్స్ జేబులో.

వాడు కదల్లేదు. చొక్కా గుడ్డ చీల్చుకుని అలుగు మొన బయటికి వచ్చింది, నిప్పు వెలుగులో ఎర్రగా. "నేను ముట్టుకోలేదు," అన్నాడు. "ఎల్బర్ట్... నేను ముట్టుకోలేదు..."

ఇక మిగిలింది నా జేబులోది ఒక్కటే. పెళ్లికి ముందు వెర్నా చేసిన మొట్టమొదటి చాకు, నాకోసం చేసింది. స్ప్రింగు బిగువు సరిగా కుదరలేదు దానికి. మారుస్తానంటే నేనే వద్దన్నాను. దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాను. భయం వేసింది. ఒట్టు, భయమే వేసింది. దాని వెనకే ఇంకోటి కూడా... తెరువు, వెర్నా, అనుకున్నాను. నాదీ తెరువు. తడుము. ఒక్కసారి.

నాది తెరవలేదు. వాసన మెల్లగా పోయింది.

తెల్లారాక సొరుగులు తాళం తీసి చూశాం. అన్నీ తెరిచి ఉన్నాయి, చేప నోళ్లలా. షెడ్డులో బల్ల మీద ఆఖరిది మాత్రం మూసి ఉంది. రాయ్స్ తన చాకుని జేబులోంచి జాగ్రత్తగా తీసి, తెరిచినది తెరిచినట్టే మా వంటింటి బల్ల మీద పెట్టాడు. "నా జోళ్లు కూడా ఇక్కడే వదిలేసి పోయేవాణ్ణి, ఆవిడ అడిగితే," అన్నాడు నవ్వబోయి. నవ్వలేకపోయాడు. "తెరిచింది నేను కాదు, పెద్దాయనా. నేను మూయలేను."

నేనూ మూయలేదు. ఒక్కటి కూడా.

ఆ సాయంత్రం గుమ్మం బయట కాఫీతో కూర్చున్నాను. ఆకురాయి లేదు. కానీ ఇంట్లోంచి, వెలుగు పోయే వేళకి, చిన్న చప్పుడు వచ్చింది. పరుగెత్తి చూశాను. పై సొరుగులో ఎడమ చివరది మూసి ఉంది. సేఫ్టీ వేసి ఉంది. మర్నాడు దాని పక్కది.

రోజుకొకటి. తెరిచినవాళ్లే మూసుకోవాలి కదా. ఆమె మూసుకుంటోంది.

నేను కుర్చీని అల్మారా పక్కకి జరుపుకున్నాను. రోజూ కోతలు కోస్తున్నాను, నాకు తెలిసినవన్నీ, తెలియనివన్నీ. నిరుడు వసంతంలో ఎలుగుబంటిని ఏకంగా మూడు చేశాను. దిద్దుతుందేమోనని ఆగాను. చిన్న చప్పుడు, ఒక్కటి. అంతే. పై సొరుగు అయిపోయింది. నడిమిది అయిపోయింది. వెర్నా చేసినవి కూడా ఒక్కొక్కటే... అది చివరికి దగ్గరపడుతుంటే నేను ఓ పని చేశాను. అన్నీ మూసుకున్న సొరుగు లాగి, ఒక చాకు నేనే తెరిచి పెట్టాను, ఇంకో రోజు కలిసొస్తుందని. దాన్ని ఆమె ముట్టుకోలేదు. అది నేను తెరిచింది.

నిన్న సాయంత్రం వంటింటి బల్ల మీద రాయ్స్ చాకు మూసుకుంది. అదే ఆఖరిది.

ఇవాళ సాయంత్రం ఎప్పటిలాగే కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. వెలుగు పోయింది. చెట్లు కూడా కదల్లేదు. చప్పుడు ఏదీ రాలేదు. ఎలుగుబంటి కథ మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "సరే, కుక్కే," అన్నాను పైకి. "పక్కింటి కుక్కే, వెర్నా."

కాఫీ చల్లారిపోయింది. లేవబోతూ జేబులో చెయ్యి పెట్టాను. పిడి వెచ్చగా ఉంది. బయటికి తీసి చూశాను. మూసే ఉంది. బటన్ మీద కాస్త జిగురు, వేలికి అంటుకుంది. వాసన చూశాను. కమలాపండు.

సేఫ్టీ మీట వెనక్కి జరిపి ఉంది. నేను జరపలేదు.