ఎండ తగలని గిటార్

1961 మే నెల, సోమవారం పొద్దున. నర్సరావుపేట స్టేషన్లో మాచర్ల బండి దిగిన ఎస్తేరు, కాళ్లకి చెప్పుల్లేకుండా ఎండలో నడుచుకుంటూ డిటెక్టివ్ బసవపున్నయ్య గదికొచ్చింది. అసిస్టెంట్ కృపామణి కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడ పట్టుకుని నిలబడింది.

"సాయంత్రానికి నన్ను పోలీసులకి అప్పజెప్తారంటండీ. గుడి గిటార్ నేనే మార్చేశానంటన్నారు."

కృపామణి మంచినీళ్లిచ్చింది. గ్లాసు పట్టుకున్న ఎడమచేతి మీద, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నటి ఎర్రగీతలు. పిల్లి గీరిందేమో అనుకుంది కృపామణి. బసవపున్నయ్య మాత్రం గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆ చేతినే చూశాడు.

ఎస్తేరు మాచర్ల మిషన్ బడిలో టీచరు. అక్కడి చర్చి గుడిలో ఆదివారం ఆరాధనకి గిటార్ వాయించేది ఆమే. ఎప్పుడో ఒక దొర వదిలివెళ్లిన గిటార్ అది. పైపలక వయొలిన్‌లా ఉబ్బెత్తుగా ఉండి, రెండు పక్కలా ఎఫ్ అక్షరం లాంటి కంతలుంటాయి. గుడి కప్పు బాగు చేయించడానికి దాన్ని అమ్మాలనుకున్నారు. వెల కట్టడానికి మద్రాసు నుంచి పాత వాయిద్యాల నిపుణుడు ఆరోగ్యస్వామి వచ్చి ట్రావెలర్స్ బంగళాలో దిగాడు. నిన్న ఆరాధన అవ్వగానే సంఘ పెద్ద దానయ్య గిటార్‌ని ఆమె చేతిలోంచి తీసుకుని, జట్కాలో బంగళాకి చేర్చాడు. ఆరోగ్యస్వామి దాన్ని చూసి, పాతదానిలా చేసిన కొత్త గిటార్ అని తేల్చేశాడు.

"బీరువా తాళం నా దగ్గరే ఉంటదండీ. అందుకని..."

"పోలీసులన్నదెవరు?"

"దానయ్య మావయ్యే. అమ్మానాన్నా పోతే నన్ను పెంచింది ఆయనే."

కృపామణి లేచి మాచర్ల బండి ఎన్నింటికో చూసింది.

మధ్యాహ్నానికి ముగ్గురూ మాచర్లలో దిగారు. స్టేషన్ బయట, గిటార్‌ని బంగళాకి తోలుకెళ్లిన జట్కా మహమూద్‌ని బసవపున్నయ్య నిన్నటి సంగతి అడిగాడు.

"దప్పికైతందని పెద్దాయన ఇంటికాడ ఆపమన్నాడు సార్. గిటార్ కూడా లోపలికి పట్టుకపోయాడు. దానికేం దప్పికో మరి!"

సాయంత్రం గుడిలో అందరూ కూడారు. బల్ల మీద గిటార్.

"కంతలో టార్చి వేసి చూడండి," అన్నాడు ఆరోగ్యస్వామి. "లోపల చెక్క తెల్లగా, పచ్చిగా ఉంది. పైన పాతరంగు టీ డికాషన్‌తో వచ్చింది. పనితనం బ్రహ్మాండం. వయసే అబద్ధం."

"కొవ్వొత్తి కాలిన మచ్చ కూడా అచ్చం మాదాని మీదున్నట్టే ఉందండీ," అంది ఎస్తేరు. "నన్ను ముట్టుకోనీలేదు."

"ముట్టుకుంటే దొంగ సాక్ష్యం చెప్తావు," కసిరాడు దానయ్య. "ఏమే, ఇంకా ఎన్ని నాటకాలాడతావు?"

"మీరు ముట్టుకోండి దానయ్యగారూ," అన్నాడు బసవపున్నయ్య. "గిటార్ మెడ అంచు వెంట వేలు జరపండి."

దానయ్య జరిపాడు. "ఏముంది? నున్నగా ఉంది."

"నున్నగా ఉండకూడదు," అన్నాడు బసవపున్నయ్య. "పల్నాడు ఎండకి తలుపులే బీటలిస్తాయి. ఏళ్ల తరబడి ఇక్కడున్న గిటార్ మెడ చెక్క ఎండి కుంచించుకుపోతుంది. దాని మీద అడ్డంగా బిగించిన లోహపు మెట్లు కుంచించుకోవు. వాటి కొసలు అంచు దాటి పొడుచుకొచ్చి, వాయించేవాళ్ల చేతిని గీరతాయి. ఎస్తేరూ, చెయ్యి చూపించమ్మా."

ఎర్రగీతలు అందరికీ కనిపించాయి. పిల్లి అనుకున్నందుకు కృపామణి తనని తాను తిట్టుకుంది.

"గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అంటే నిన్న ఆరాధనలో ఈ అమ్మాయి వాయించింది అసలు గిటారే. ఆ తర్వాత అది ఇద్దరి చేతుల్లోనే ఉంది. ఆరోగ్యస్వామిగారు నిన్నటిదాకా దాన్ని చూడలేదు. మచ్చతో సహా నకలు చేయించాలంటే నెలలు పడుతుంది. చేసినవాడు కంటికి కనిపించిందంతా దించాడు. ఎండ చేసిన పని వాయించే చేతికే తెలుస్తుంది. మీరెప్పుడూ వాయించలేదు దానయ్యగారూ. దారిలో మీ ఇంటి దగ్గర ఆగారు కూడా. మీ ఇల్లు వెతకమంటారా?"

దానయ్య బెంచీ మీద కూలబడ్డాడు. "వడ్ల గాదెలో ఉంది. బెజవాడలో బేరం కుదిరింది," అన్నాడు నేల చూస్తూ.

ఎస్తేరు మెల్లగా ముందుకొచ్చింది.

"నా మీదికే వస్తదని తెలుసా మావయ్యా?"

"ఎవురో ఒకరి మీదికి రావాలిగా. నీ తరఫున అడిగేవాడెవడూ లేడనుకున్నా."

"నువ్వున్నావనుకున్నా."

కేసు తేలగానే లోలోపల చప్పట్లు కొట్టే కృపామణికి ఈసారి చేతులాడలేదు. ఎస్తేరు ఆమె పక్కకొచ్చి నిలబడింది.

"అక్కా, నర్సరావుపేట బండికి మీతో నేనూ రావచ్చా?"