పుచ్చుకోని పాట

సభ రోజున నేను చేయవలసిన పనులు ఇవి. హాలు తాళం తెప్పించాలి. కుర్చీలు దులిపి గుండ్రంగా వేయాలి, మా సంఘంలో ఎవరూ ఎవరికీ వీపు చూపించి పాడరు. మైకు వైరు కాళ్ళకు తగలకుండా టేపు అంటించాలి. డోలు చల్లదనానికి బిగువు తప్పకుండా కాసేపు ఎండలో పెట్టాలి. డోలు వాయించే బస్సు డ్రైవరు బాబాయి గొంతు కోసం ఫ్లాస్కులో వేడినీళ్ళు పోయాలి. అమ్మానాన్నలను జనం రాకముందే తీసుకొచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టాలి. ఫోనుకు ఛార్జింగు నిండా పెట్టుకోవాలి.

చివరి పని అత్తయ్య చెప్పింది. ఊళ్ళో లేని ఒకమ్మాయి పాటను నేను పుచ్చుకోవాలి.

మిగతావన్నీ మధ్యాహ్నానికే అయిపోయాయి. ఆ ఒక్కటే మిగిలింది.

మాది జానపద గీతాల సంఘం. పేరే పెద్దది, మనుషులం కొద్దిమందిమే. ఆదివారాలు సైకిళ్ళ దుకాణం మీది గదిలో కూర్చుని పాడుకుంటాం. ఏడాదికోసారి ఊరివాళ్ళను పిలిచి సభ పెడతాం. సంఘాన్ని పెట్టిన మనిషి బట్టలు కుట్టే ఒక పెద్దావిడ. ఆవిడ నాకు అత్తయ్య, మా నాన్నకూ అత్తయ్యే, తన కుట్టు దుకాణానికి జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ అత్తయ్యే.

అత్తయ్య పెట్టిన పద్ధతి ఒకటుంది. పాట ఎవరు తెస్తే వాళ్ళదే. వాళ్ళే ముందు పాడాలి, మిగతావాళ్ళం వంత పాడాలి. ఆ మనిషి ఊళ్ళో లేకపోయినా పాట మానం. ముందు పాడే చరణం దగ్గర అంతసేపూ ఊరుకుని, వంత వచ్చినప్పుడు అందుకుంటాం. ఇక తిరిగి రానివాళ్ళు మాత్రం తమ పాటను ఒకరికి అప్పగించి వెళ్తారు. వాళ్ళు ఒక చరణం పాడతారు, పుచ్చుకునే మనిషి అదే చరణాన్ని తిరిగి పాడతాడు. దాంతో పాట చేయి మారుతుంది. ఆ రోజు నుంచి ఆ మనిషి కోసం ఎవరూ ఎదురుచూడరు.

నేను నీటి సరఫరా కార్యాలయంలో ల్యాబ్ అసిస్టెంటును. వీధి వీధికీ తిరిగి కుళాయి నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షించడం నా ఉద్యోగం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. అమ్మ ఇస్త్రీ బండి దగ్గర నిలబడి, నాన్న లారీలకు బస్తాలెత్తి చదివించారు. అందుకే నాకు పనంటే పనే. సంఘంలో చేరకముందు ఒక ఆదివారం డ్యూటీ వేస్తే మారుమాట లేకుండా బయల్దేరాను. సైకిళ్ళ దుకాణం మీది గది బయట ఉన్న కుళాయి విప్పాను. లోపల పాట ఆగిపోయింది.

"ఏమండీ, మీ కుళాయి మా శ్రుతిలో లేదు. కాస్త కట్టేస్తారా?"

తల తిప్పి చూశాను. గుమ్మంలో ఒక అమ్మాయి నడుం మీద చేయి పెట్టుకుని నిలబడి ఉంది.

"కట్టకూడదండి. సీసా పట్టే ముందు కాసేపు నీళ్ళు వదిలెయ్యాలి. పైపులో నిలవున్నవి పోవాలి."

"అంతసేపూ మేం నోరు మూసుకోవాలా?"

"పాడుకోండి. నాకేం అభ్యంతరం లేదు."

"అత్తయ్యా, ఈయనకు అభ్యంతరం లేదట," అని ఆమె లోపలికి చెప్పింది. గదంతా నవ్వింది. "సరే, నీళ్ళు పోయేదాకా ఊరికే నిలబడటం ఎందుకు? వంత అందుకోండి. మనవాళ్ళే, మనవాళ్ళే అనాలి, అంతే."

"నాకు పాడటం రాదండి."

"అది పాడటం కాదు, ఒప్పుకోవడం."

వాళ్ళ అమ్మమ్మ పిండి విసురుతూ పాడిన పాటట అది. "ఏరు దాటే పడవలో ఎవరున్నారే?" అని ఆమె అడుగుతుంది. "మనవాళ్ళే, మనవాళ్ళే," అని మేం ఒప్పుకోవాలి. "వాన కురిసే వాకిట్లో ఎవరున్నారే?" అంటుంది. మళ్ళీ మనవాళ్ళే. ఆమె ఎవరిని అడుగుతున్నా నావైపే చూసి అడుగుతున్నట్టు అనిపించింది. కుళాయి పోతూనే ఉంది. సీసా పట్టడం మరిచిపోయాను.

ఆ రోజు నుంచి నా పేరు కుళాయి గారు.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఊపిరి బిగపట్టండి, కదలకండి, ఇక వదలండి" అనడమే ఆమె పని. నాకు మొదటి రెండు మాటలూ చెప్పింది. మూడోది చెప్పలేదు. ఆదివారం నుంచి ఆదివారం దాకా అలాగే ఉండేవాణ్ణి.

ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక వాన పట్టుకుంది. ఇద్దరం దుకాణం రేకు కింద ఆగిపోయాం. రేకు మీద చినుకుల మోతకు గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"ఇందాకటి నుంచి ఏదో చెప్పాలని చూస్తున్నారు," అంది.

నిజమే. వారం రోజులుగా కూడబలుక్కున్న మాట ఒకటి ఉంది.

"వానాకాలం కదా, నీళ్ళు కాచి తాగండి."

ఆమె చినుకుల కిందికి చేయి చాపింది. "ఇంకేమైనా ఉందా?"

"వడకట్టి కాస్తే మరీ మంచిది."

"తాగుతాలెండి." పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "నాకు ట్రైనింగు వచ్చింది. స్కానింగు మిషను మీద. వేరే ఊళ్ళో, ఏడాది."

వెళ్ళొద్దని అనే హక్కు నాకెక్కడిది? వాళ్ళింట్లోనూ జీతం తెచ్చిన మొదటి మనిషి ఆమే. ఆ చదువు వెనక ఎవరెవరి వెన్ను వంగిందో నాకు వేరే చెప్పనక్కర్లేదు. "మంచి అవకాశం," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అర్జీలో రాసినట్టు వచ్చింది.

వెళ్ళేముందు ఆదివారం ఆమె పాటను ఎవరికీ అప్పగించలేదు. "వస్తాను కదా, ఖాళీ ఉంచండి," అంది. ఆ మాట పట్టుకునే నేను బతికాను.

ఖాళీ ఉంచడం చెప్పినంత తేలిక కాదు. ఆమె పాట వంతు వచ్చేది. డ్రైవరు బాబాయి డోలు మెల్లగా నడిపేవాడు. చరణం పొడుగునా అందరూ నేల చూపులు చూసేవాళ్ళు. నాకు మాత్రం ఆ ఖాళీలో ప్రతి అక్షరం వినబడేది. ఎక్కడ దీర్ఘం తీస్తుందో, ఎక్కడ ఊపిరి చాలక గబుక్కున ముగిస్తుందో, అంతా. తర్వాత వంత అందుకునేవాళ్ళం. అడిగే మనిషి లేకుండా మనవాళ్ళే, మనవాళ్ళే అని ఒప్పుకోవడం ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు. గొంతు అందరికన్నా నాదే ముందు లేచేది, నాదే ముందు ఆగిపోయేది.

ఫోనులో మాట్లాడుకునేవాళ్ళం.

"ఈ ఊరి నీళ్ళు బాగాలేవు కుళాయి గారూ."

"ఉప్పగా ఉన్నాయా, మట్టివాసనా?"

"ఏమో. కాచి తాగమని ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు."

ఇలాంటి మాటకు బదులేం చెప్పాలో కాలేజీలో నేర్పలేదు. "సీసాలో పట్టి పంపండి, పరీక్ష చేస్తాను," అనేవాణ్ణి. అటు నుంచి ఒక నిట్టూర్పు. ఫోను పెట్టేశాక గోడకు తల కొట్టుకోవాలనిపించేది.

అప్పుడే అమ్మ ఎవరో అమ్మాయి ఫొటో తెచ్చింది. ఆ సంగతి డ్రైవరు బాబాయికి తెలిసింది. బాబాయికి తెలిసింది బస్సెక్కిన ప్రతివాళ్ళకూ తెలుస్తుంది, ఫోను ఎక్కడం ఎంతసేపు.

"ఇంట్లో ఫొటో చూపించారట," అని అడిగింది ఆమె.

"చూపించారు."

"చూశారా?"

"చూశాను."

"బాగుందా?"

అబద్ధం నాకు చేతకాదు. "బాగానే ఉంది," అన్నాను. నేనన్నది ఫొటో సంగతి. అమ్మకు అదే రోజు వద్దని చెప్పేశానన్న సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. "సరేనండి, ఉంటాను," అంది. ఆ తర్వాత నేను ఎప్పుడు ఫోను చేసినా డ్యూటీలో ఉన్నానని చిన్న మెసేజీ వచ్చేది.

సభ దగ్గరపడ్డాక అత్తయ్య దుకాణానికి పిలిపించింది. మెడలో టేపు, నోట్లో గుండుసూది. సూది తీసి మాట్లాడింది.

"అబ్బాయ్, పిల్లకు అక్కడే పర్మనెంటు చేస్తారట. పాట అప్పగించేస్తానంది."

మిషను మీద సగం కుట్టిన గౌను ఉంది. దాని అంచును వేలితో మడిచాను. "ఎవరికి?"

"నీకే. సభలో ఫోను పెట్టి పాడుతుంది. పుచ్చుకో."

"నేనా అత్తయ్యా? నేను వంత తప్ప..."

"పద్ధతి చెప్పాను. తర్వాత నీ ఇష్టం," అని అత్తయ్య మళ్ళీ సూది నోట్లో పెట్టుకుంది.

పుచ్చుకుంటే ఆమె చేతిలోది ఒకటి నా దగ్గర జీవితాంతం ఉంటుంది. కానీ ఆదివారాల్లో ఆ ఖాళీ ఉండదు. ఆమె రాదని పదిమందిలో నా నోటితో నేనే చెప్పినట్టు అవుతుంది.

సభ నిండింది. పాటలు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. అత్తయ్య లేచి నా ఫోను మైకు పక్కన పెట్టించి, నన్ను పిలిచింది. నిలబడ్డాను.

ఫోనులోంచి ఆమె గొంతు వచ్చింది. ఇన్నాళ్ళూ ఖాళీలో నేను విన్న గొంతు కన్నా కొంచెం సన్నగా, అలిసిపోయి ఉంది.

"ఏరు దాటే పడవలో ఎవరున్నారే?"

అదే చరణం నేను తిరిగి పాడాలి. బాబాయి డోలు మీద చేయి ఆనించి ఎదురుచూస్తున్నాడు. నోరు తెరిచాను.

"మనవాళ్ళే, మనవాళ్ళే."

ఆమె నేను పొరబడ్డాననుకుంది. మళ్ళీ పాడింది. నేను మళ్ళీ అదే పాడాను. మూడోసారి ఆమె పాడలేదు.

"కుళాయి గారూ, మీరు పాడాల్సింది అది కాదు."

"తెలుసు."

"మరి?"

"నేను పుచ్చుకోను. పుచ్చుకుంటే నువ్వు రానట్టే కదా." మైకు నా ముందే ఉన్న సంగతి అప్పుడు గుర్తు లేదు. మీరు కాస్తా నువ్వయిన సంగతీ తెలియలేదు. "ఉద్యోగం వదలమనను. దాన్ని వదలకు. పాట మాత్రం నీ దగ్గరే ఉంచుకో. నాకు వంత పాడటమే వచ్చు. నువ్వు అడిగితేనే నేను పాడగలను."

ఫోనులోంచి ముక్కు ఎగబీల్చిన శబ్దం హాలంతా వినబడింది.

"ఆ ఫొటో అమ్మాయి?"

నేను జవాబు చెప్పేలోగా ఫ్యాను కింది నుంచి అమ్మ లేచి వచ్చింది. మైకు ముందు ఎప్పుడూ నిలబడని మనిషి, దాన్ని పక్కకు జరిపి ఫోనుకు దగ్గరగా వంగింది.

"అమ్మాయ్, నేను వీడి అమ్మను. ఆ ఫొటో చూసిన రోజే వద్దన్నాడు. ఎందుకురా అంటే గోడ వంక చూశాడు. గోడకు చెప్పుకునే బదులు నాకు చెప్పుంటే ఎప్పుడో నేనే ఫోను చేసేదాన్ని."

"అది కాదండీ, నాకు ఇక్కడ ఉద్యోగం..."

"ఉంటే? అక్కడ నీళ్ళు లేవా? వీడి పని నీళ్ళున్న చోటల్లా ఉంటుంది."

హాలు హాలంతా నవ్వింది. నాన్న నవ్వలేదు. పెళ్ళిలో అక్షింతలు వేసేటప్పటిలా లేచి నిలబడ్డాడు.

"పద్ధతి ప్రకారం పుచ్చుకోకపోతే ఏమవుతుంది అత్తయ్యా?" అని బాబాయి అడిగాడు.

"ఇంతవరకూ ఎవరూ కాదనలేదు, అందుకని పద్ధతి లేదు. ఇప్పుడు పెడుతున్నా. పాట పిల్లదే. డోలు అందుకో."

బాబాయి అందుకున్నాడు. ఫోనులోంచి ఆమె అడిగింది. ఊరంతా ఒప్పుకుంది.

ఆమె ఉన్న ఊరికి నా బదిలీ కాగితం అంత తొందరగా రాలేదు. ఆ తర్వాత కూడా ఎన్నో ఆదివారాలు ఆమె చరణాల దగ్గర ఊరుకుంటూ, వంత దగ్గర అందుకుంటూ గడిపాం. ఎదురుచూడటం అప్పుడూ కష్టంగానే ఉంది. ఎవరికోసమో తెలిసిన ఎదురుచూపు, అంతే తేడా.

ఇప్పుడు మేమిద్దరం ఒకే ఊళ్ళో, ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ కబురు చెప్పడానికి మాత్రం అత్తయ్య లేదు. మేము ఇల్లు వెతుక్కుంటున్న రోజుల్లోనే, మిషను ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్ళిపోయింది. ఆవిడకు పిల్లలు లేరు. గోడకు తగిలించుకునే ఫొటో కూడా లేదు. పాట అప్పగిస్తానని పిల్ల తనకు ఫోను చేసిన రోజే సరేనని తనే పుచ్చుకోగలిగేది. అలా చేసి ఉంటే ఈ కథ లేదు. మమ్మల్నిద్దరినీ పదిమంది ఎదుట నిలబెట్టి, కాదనడానికి నాకొక అవకాశం ఇచ్చి, తను నోట్లో సూది పెట్టుకుని ఊరుకుంది.

ఇది చదివినవాళ్ళు మమ్మల్ని మరిచిపోయినా బాధ లేదు. ఎక్కడైనా నలుగురు కలిసి పాడుకుంటూ కనిపిస్తే, పాట రాకపోయినా కాసేపు ఆగండి, వంత కలపండి. కలిపేటప్పుడు మా అత్తయ్యను ఒక్కసారి తలుచుకోండి.